మాలాసంఖ్యలును మహాసంఖ్యల కారణాంకములును

కడపమండలమున జమ్మలమడుగు సమీపమునఁ బెన్న యొడ్డున దానవులపాడను గ్రామము కలదు. అచ్చటి జైనశిథిలములలో, శాంతినాథుని స్నపనమునకై రాష్ట్రకూటరాజగు నిత్యవర్షుఁడు చేయించిన పీఠ మొకటి శాసనముతోఁగూడ బయల్పడినది. నిత్యవర్షుఁడనఁగా 10వ శతాబ్దారంభమున నేలిన మూఁడవ యింద్రుఁడు. అతని ప్రపితామహుఁడు అమోఘవర్ష నృపతుంగుఁడు. ఆ నృపతుంగుని కాలముననే, అనఁగా 9వ శతాబ్దమధ్యమున, మహావీరాచార్యుఁడను జైనగణితజ్ఞుఁడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. దానినే పావులూరి మల్లన సారసంగ్రహగణితమను పేరఁ దెనిఁగించెను. తెలుఁగు శాస్త్రగ్రంథములలో మొదటిదిగా దీనిని బెద్దలు పేర్కొందురు. కాఁబట్టి రాయలసీమకును ఈ గణితసంప్రదాయమునకును గల చుట్టరికము క్రొత్తది కాదు. ఏ రాజ్యమున, ఏ మతమువారి యాదరమున నా మూలగ్రంథము పుట్టెనో, ఆ రాజ్యమును ఆ మతమును బెన్నాతీరము దాఁక వ్యాపించి యుండెను.

గణితసారసంగ్రహమును రంగాచార్యులవారు 1912లో మద్రాసున ఆంగ్లానువాదముతోఁ బ్రకటించిరి. అందలి గుణకారప్రకరణమునఁ గొన్ని వింతలెక్కలు గలవు. 152207 అను సంఖ్యను 73చే గుణించిన 11111111 వచ్చును. 12345679ని 9చే గుణించిన తొమ్మిది ఒంట్లు వరుసగా నిలుచును. 142857143ను 7చే గుణించిన 1000000001 వచ్చును. 139ని 109చే గుణించిన 15151 వచ్చును. 27994681ని 441చే గుణించిన 12345654321 వచ్చును. ఎటు నుండి చదివినను నొక్కతీరుగా నుండుటచే నిట్టి లబ్ధములు హారములవలెఁ గానవచ్చును. కావుననే గ్రంథకర్త వీనిలోఁ గొన్నింటిని కంఠాభరణమనియు, ఒకదానిని రాజకంఠిక యనియుఁ బేర్కొనెను. ఈ వ్యాసమున వీని నన్నింటిని మాలాసంఖ్యలని వ్యవహరింతము.

ఈ లెక్కలన్నియు ముందునకు నడచునవి. రెండు సంఖ్యలిచ్చి హారమును గ్రుచ్చుమనుటయే యిందలి ప్రశ్న. హారము నిచ్చి, యే రెండు సంఖ్యల గుణకారమున నిది పుట్టెనో చెప్పుమనినచో లెక్క వెనుకకుఁ దిరుగును. ముందునకుఁ బోవు లెక్క బాలునికి సాధ్యము. వెనుకకుఁ దిరుగు లెక్క సంఖ్య పెద్దదగుకొలఁదిఁ గఠినమై, కొన్ని వందల యంకెల సంఖ్య విషయమున లోకములోని యంత్రములన్నియుఁ గూడినను దీరని పని యగుచున్నది. నేఁడు బ్యాంకుల లావాదేవీలలోను, ఎలక్ట్రానిక్ సంతకముతో వెలువడు పత్రములలోను వాడు రహస్యపుఁ దాళములలో నొక ముఖ్యమైన జాతి యీ కాఠిన్యము పైననే యాధారపడియున్నది. కాఁబట్టి యిది కేవలము వినోదగణితము కాదు.

ఇచ్చట నిరూపింపఁబూనిన విషయ మొక్కటే. ఆకారము గల సంఖ్య తన తాళపుచెవిని దానే యిచ్చును. ఆకారము లేని సంఖ్యను విప్పుటకుఁ జిన్న ప్రధానములతోఁ గట్టఁబడిన యితరసంఖ్యలను వెదకి పోగుచేయవలెను. అట్టి సంఖ్యలు లోకమున నెంత యరుదో లెక్కించినవారిలో వాల్తేరున నుండిన మన విశ్వవిద్యాలయపు గణితజ్ఞులు గలరు.

బండల పరపు

కడప నల్లబండయు, బేతంచెర్ల బండయు నెఱుఁగని యిల్లు సీమలో నరుదు. సమచతురస్రముగాఁ గోసిన పండ్రెండు బండలను ముంగిటఁ బఱచునప్పుడు, వరుసకు నాలుగు చొప్పున మూఁడు వరుసలుగాఁ బఱవవచ్చును. ఆఱు చొప్పున రెండు వరుసలుగానైనఁ బఱవవచ్చును. పదుమూఁడు బండలను మాత్రము మిగులు తగులు లేక దీర్ఘచతురస్రముగాఁ బఱవవలెనన్న నొక్క వరుసగాఁ బేర్చుట దక్క వేఱు దారి లేదు. ఇట్లొక్క వరుసకే లోఁబడు సంఖ్య ప్రధానసంఖ్య. పెక్కు వరుసలకు లొంగునది సంయుక్తసంఖ్య. వరుసల లెక్కయు, వరుసలోని బండల లెక్కయు దానికిఁ గారణాంకములు. కారణాంకములను మరల విడఁదీయుచుఁ బోఁగాఁ దుదకుఁ బ్రధానములే మిగులును. ఏ దారిని విడఁదీసినను దుదకు వచ్చు ప్రధానము లవియే. ఉదాహరణమునకు 11111111 అనునది 11, 73, 101, 137 అను నాలుగు ప్రధానముల లబ్ధము.

ఈ మాలను విడఁదీయుట కష్టము కాదు. ఏలయన దాని యాకారమే దారి చూపును. ఎనిమిది ఒంట్లను నాలుగేసిగా విఱిచిన 1111 రెండుమార్లు కనఁబడును; అనఁగా నది 1111ను 10001చే గుణించిన లబ్ధము. 1111ను మరల రెండేసిగా విఱువఁగా 11ను 101ని వచ్చును. 10001 మాత్రము కొంత పరిశ్రమమున 73, 137గా విడును. అటులనే 12345654321 అనునది 111111 యొక్క వర్గము. ఆ 111111ను 111, 1001 అను రెండుగా విఱిచినఁ దుదకు 3, 7, 11, 13, 37 అను ప్రధానములు వచ్చును. గ్రంథకర్త చూపిన 441 యనునది 21 యొక్క వర్గము. 21 యనునది మూఁడేడుల లబ్ధము. హారమునకుఁ గొలుకియున్నట్లు మాలాసంఖ్యకు విప్పుదల చోటు పైకే కానవచ్చును.

ఆకారము లేని సంఖ్యకు మొదటి యుపాయము వరుసగా భాగించి చూచుటయే. 2, 3, 5, 7 మొదలుకొని ప్రధానములచే భాగింపవలెను. వర్గమూలము దాఁటి పోనక్కఱలేదు. పెద్ద కారణాంకమునకు జతగాఁ జిన్నది యుండియే తీరును గదా. చిన్నసంఖ్యల కీ యుపాయము చాలును. నలువది యంకెల సంఖ్యకు వర్గమూలమున నిరువది యంకెలుండును. సెకనునకు నూఱుకోట్ల భాగహారములు చేయు యంత్రమొకటి యన్ని సంఖ్యలచేతను వరుసగా భాగించుచుఁ బోయినచో 3,000 ఏండ్లకుఁ బైఁబడును. ప్రధానములచే మాత్రమే భాగించినను డెబ్బది యేండ్లు పట్టును. అంకెలు రెండు పెరిగినప్పుడెల్లఁ గాలము రమారమి పదిరెట్లగును. కావున రెండువందల యంకెల సంఖ్య విషయమున నీ యుపాయమును దలపనేల?

ప్రధానమగునా కాదా యను ప్రశ్న వేఱు, కారణాంకము లేవి యను ప్రశ్న వేఱు అని పాఠకులు గుర్తింపవలెను. రెండును నొక్కటియే యని పెక్కుమంది తలఁతురు. రెండును అఱువదియేడుమార్లు గుణించి యొకటి తీసివేయఁగా 147573952589676412927 అను 21 అంకెల సంఖ్య వచ్చును. ఇది ప్రధానము కాదని ఫ్రాన్సుదేశీయుఁడగు లూకా 1876లోనే నిరూపించెను. కాని దాని కారణాంక మొక్కటియు నాతనికిఁ దెలియలేదు. 1903లో న్యూయార్కు గణితసభలోఁ గోల్ అను పండితుఁడు నల్లబల్లపై 193707721ని 761838257287చే గుణించి యా సంఖ్యనే రాఁబట్టి, మాటాడకయే కూర్చుండెనందురు. కారణాంకములు లేకయే సంయుక్తత్వమును నిర్ణయించుటకుఁ గారణము సంఖ్య కొక పరీక్ష పెట్టుటయే. పరీక్షలోఁ దప్పినఁ బ్రధానము కాదని తేలును, తునకలు మాత్రము తేలవు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా యనువారు 2002లో నే సంఖ్యయైనను బ్రధానమగునో కాదో సంశయము లేక, అంకెల లెక్కకుఁ దగిన మితమైన కాలమునఁ దేల్చు పద్ధతిని గనిపెట్టిరి. కారణాంక నిర్ణయమునకు యంత్రములపై నడచు నట్టి పద్ధతి యేదియు లేదు.

కోణము కొఱవడిన చతురస్రము

భాగహారమును విడిచి వేఱు దారిఁ బట్టిన ప్రాచీనుఁడు నారాయణపండితుఁడు. 1356లో రచించిన గణితకౌముదియందు, ఇచ్చిన సంఖ్యకు నొక వర్గమును గలిపి మఱియొక వర్గమగునట్లు చేసి కారణాంకములఁ గనుఁగొను తీరును జెప్పెను. ఫ్రాన్సున ఫెర్మా యనువాఁడు 17వ శతాబ్దమున నీ దారినే తొక్కెను. 100895598169 అను సంఖ్యను గూర్చి మెర్సెన్ అడుగఁగా, 898423, 112303 అను కారణాంకములను 1643లోఁ దెలిపినవాఁ డాతఁడే.

దీనిని బండలతోఁ జూచిన సులభముగాఁ దెలియును. 4891 బండలు గలవనుకొందము. డెబ్బది వరుసలు, వరుసకు డెబ్బది చొప్పున సమచతురస్రముగాఁ బఱవఁబోయిన 4900 కావలెను. తొమ్మిది తక్కువ వచ్చును. ఆ తొమ్మిదియు నొక మూల మూఁడు మూళ్ల చతురస్రముగాఁ గొఱవడినట్లు బండలను సర్దవచ్చును. ఇప్పుడా మూలకుఁ జేరియున్న మూఁడు కుఱుచవరుసలను, అనఁగా వరుసకు 67 చొప్పున నున్నవానిని, పెకలించి ప్రక్కను నిలువుగాఁ బేర్చినచో వరుసకు 73 చొప్పున 67 వరుసలు మిగులు తగులు లేక నిండును. 4891 అనునది 67, 73 అనువాని లబ్ధమని యిట్లొక్క గడియలోఁ దేలినది. రెండువర్గముల భేదము ఆ మూలముల మొత్తమును భేదమును గుణించిన లబ్ధమగునను బీజగణితసూత్రమే యిది.

కారణాంకములు రెండును దగ్గఱదగ్గఱగా నున్నంతవఱకే యిది చుఱుకుగా నడచును. ఒకటి చిన్నది, యొకటి మిగులఁ బెద్దదియైనచో, కొఱవడు భాగము సరియగు వర్గము కావచ్చునా యని యెన్నియో చతురస్రములను బరీక్షింపవలసి వచ్చును. ఇచ్చట నాగిపోయిన యుపాయమును 20వ శతాబ్దమున మరల నడిపించినది యొక చిన్న సవరణ. భేదము సరిగా నా సంఖ్యయే కానక్కఱలేదు. దాని గుణిజమైనను జాలునని క్రైచిక్ అను గణితజ్ఞుఁడు 1920ల ప్రాంతమునఁ జూపెను.

చిన్న ప్రధానముల వెదకులాట

ఉదాహరణమునకు 1909 అను సంఖ్యను దీసికొందము. దాని వర్గమూలము 43కు మించును. 44 వర్గమునుండి 1909ని తీసివేయఁగా 27. 45 వర్గమునుండి 116. 46 వర్గమునుండి 207. 47 వర్గమునుండి 300 మిగులును. వీనిలో నొక్కటియు వర్గము కాదు. కాని 27, 300 అను రెంటిని గుణించిన 8100 వచ్చును. అది 90 యొక్క వర్గము. ఇంక 44ను 47చే గుణించి 1909చే భాగింపఁగా శేషము 159. కావున 159 వర్గమునకును 90 వర్గమునకును గల భేదము 1909 యొక్క గుణిజము కావలెను. లెక్కింపఁగా 17181 వచ్చును. అది 1909కు తొమ్మిదిరెట్లు. దీనినే 69ని 249చే గుణించిన లబ్ధమనియుఁ జెప్పవచ్చును. 1909 ఈ రెంటిలోఁ దేనికిని బూర్తిగా లోఁబడదు. కనుక దాని తునక లొకటి యిటు, నొకటి యటు పంచుకొనఁబడియుండవలెను. 1909కిని 69కిని గరిష్ఠ సామాన్యభాజకమును జూడుఁడు: 1909ని 69చే భాగింప శేషము 46, 69ని 46చే భాగింప 23, 46ను 23 నిశ్శేషముగా భాగించును. కారణాంకము 23, రెండవది 83.

ఈ తుదిమెట్టు మన పండితులకు క్రొత్తది కాదు. క్రీ.శ. 499 నాఁటి ఆర్యభటీయమునఁ గుట్టకమునకై చెప్పఁబడిన పరస్పరభాజన మిదియే. ఎంత పెద్దసంఖ్యలకైనను నిది త్వరితముగా నడచును. కష్టమంతయు దీనికి ముందున్న పనియందే కలదు.

ఒక్కొక్కప్పుడు పరిశ్రమము వ్యర్థమగుటయుఁ గలదు. 1921 విషయమున 44, 47, 49 వర్గములనుండి తీసివేయఁగా 15, 288, 480 వచ్చును. ఈ మూఁటి లబ్ధము 1440 యొక్క వర్గము. కాని 44, 47, 49ల లబ్ధమును 1921చే భాగించినను శేషము 1440యే. భేదము సున్న, ఏమియుఁ దెలియదు. అప్పుడు వేఱు కూర్పును బట్టవలెను. 44, 45, 46, 47లకు వచ్చు 15, 104, 195, 288 అను నాల్గింటి లబ్ధము 9360 యొక్క వర్గము. 9360కి శేషము 1676. నాలుగు మూలముల లబ్ధమునకు శేషము 772. రెంటి భేదము 904. అది 113కు ఎనిమిదిరెట్లు. 1921 అనునది 17, 113ల లబ్ధమని తేలినది.

27, 300 అనువానికి దొరకిన యదృష్టము 116, 207లకు లేకపోవుటకుఁ గారణమేమి? 27నందు 3 తప్ప లేదు. 300నందు 2, 3, 5 తప్ప లేవు. 116నందు 29యును, 207నందు 23యును జొచ్చినవి. పెద్దప్రధానము చొచ్చినచో దానికి జోడు దొరకుట కష్టము. చిన్నప్రధానములు మాత్రమే కలవానికి జోళ్లు సులభముగా దొరకును. ఇట్టివానిని నేఁటి గణితజ్ఞులు నునుపైన సంఖ్యలందురు, ఇచ్చట మృదుసంఖ్యలందము. గరుకులేక సానపట్టిన బండవలె నివి యెక్కడనైన నిముడును.

జోడుకట్టుటకు నియమముగూడఁ గలదు. వర్గమనఁగాఁ బ్రతి ప్రధానమును సరిమార్లు వచ్చు సంఖ్య. మనము 2, 3, 5 అను మూఁడు ప్రధానములనే యంగీకరించితిమనుకొందము. ప్రతి మృదుసంఖ్యకును నీ మూఁడును సరిమార్లు వచ్చునో బేసిమార్లు వచ్చునో వ్రాసికొన్నచో, నాలుగు సంఖ్యలు చేరునప్పటికి వానిలోఁ గొన్నింటి లబ్ధము తప్పక వర్గమగును. ప్రధానములు వెయ్యియైన వెయ్యిన్నొక్క మృదుసంఖ్యలు చాలును. వెదకులాటకు జల్లెడయు నుపకరించును: ఒకానొక వర్గభేదము 3చే భాగింపఁబడినచో, మూలమును మూఁడేసి చొప్పునఁ బెంచినప్పుడెల్లఁ దక్కినవియు భాగింపఁబడును, కనుక వేఱువేఱుగా భాగించి చూడనక్కఱలేదు. ఈ భావములఁ గూర్చి అమెరికాదేశీయుఁడగు పోమరెన్స్ 1981లో వర్గజల్లెడ యను పద్ధతిని నిర్మించెను.

వాల్తేరు పరిశోధనలు

ఇప్పు డసలుప్రశ్న వచ్చినది. అంగీకరింపవలసిన ప్రధానముల హద్దెంత? హద్దు చిన్నదైన మృదుసంఖ్యలు మిగుల నరుదగును. హద్దు పెద్దదైన నవి తఱచుగా దొరకును గాని, యన్ని యెక్కువ పోగుచేయవలసి వచ్చును. వాన తక్కువ సీమలో బావి త్రవ్వువాఁడు నీటిజాడ తెలియక త్రవ్వనట్లే, మృదుసంఖ్య లెంతతఱచుగాఁ దగులునో తెలియక యీ హద్దును నిర్ణయింపరాదు.

ఈ లెక్కకు మొదటి గీటు రామానుజునిది. 1913 జనవరిలో హార్డీకి వ్రాసిన తొలిలేఖయందే, 2, 3 అను ప్రధానములు మాత్రమే గల సంఖ్య లొక హద్దులోపల నెన్ని యుండునో తెలుపు సూత్రమును బంపెను. 1930లో స్వీడనున డిక్మన్ అనువాఁడు సాధారణప్రశ్నకు సమాధానము సూచించెను. పిమ్మట నీ పని మన దేశమునఁ గొనసాగినది. సర్వదమన్ చౌలా 1933 మొదలు 1936 వఱకు వాల్తేరున ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో నధ్యాపకుఁడు. తిరుక్కణ్ణపురం విజయరాఘవన్ 1940ల తుదిభాగమున నదే పరిషత్తున నాచార్యుఁడు. వీరిరువురును గలిసి సంఖ్యల గరిష్ఠ ప్రధానభాజకములను గూర్చి 1947లో భారత గణితసంఘ పత్రికయందు వ్యాసమును బ్రకటించిరి. అదే పరిషత్తునకుఁ జెందిన వి. రామస్వామి, ఒక హద్దునకు మించిన ప్రధానభాజకములు లేని సంఖ్యల గణన మనునదే విషయముగా 1949లో అమెరికా గణితసంఘపు బులెటినునఁ బ్రకటించెను. డిక్మన్ సూచనగాఁ జెప్పినదానికి దృఢమైన యుపపత్తియు, దోషము హద్దును నిందుఁ గలవు. హాలెండువాఁడగు ద బ్రౌన్ 1951లో నీ విషయమును మఱింత ముందునకుఁ గొనిపోయెను.

ఆ లెక్కల సారమిది. ఒక పెద్దసంఖ్యకుఁ గల యంకెలలో సగమునకు మించని యంకెల ప్రధానములే కలది, నూటికి సుమారు 31. మూఁడవవంతునకు మించనిది, నూటికి సుమారు 5. నాలవవంతునకైన వేయింటికి సుమారు 5. అయిదవవంతునకైన లక్షకు సుమారు 35. పదవవంతునకైన లక్షకోట్లకు సుమారు 28. ఆఁకలిగొన్నవానికి మొదటి మెట్లు సులభముగాఁ దోఁచును. పోనుపోను నిచ్చెన నిలువుగోడ యగును. వాల్తేరున నీ లెక్కలు సాగుచున్న నాఁడు తాళముల ప్రసక్తియే లేదు. సంఖ్యాస్వభావమును దెలిసికొనుటయే వారి యుద్దేశము. ముప్పదియేండ్ల పిమ్మట నీ గణనమే జల్లెడ పద్ధతుల వ్యయమును ముందుగాఁ జెప్పు త్రాసైనది.

తాళములు, తాళపుచెవులు

1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ అను మువ్వురు రెండు పెద్దప్రధానములను గుణించి లబ్ధమును మాత్రము లోకమునకుఁ బ్రకటించి, యా ప్రధానములను దాఁచుకొనువానికే లేఖ తెఱచుట సాధ్యమగునట్టి తాళమును గల్పించిరి. వారి పేళ్ల తొలియక్షరములతో నది ఆర్.ఎస్.ఎ. యనఁబడును. సవాలుగా నా యేటనే 129 అంకెల సంఖ్య నొకదానిని ముందుంచిరి. 1994లో ఆట్కిన్స్, గ్రాఫ్, లేలాండ్, లెన్స్‌ట్రా యనువారు, పలుదేశముల స్వచ్ఛందసేవకులు సుమారు 600 మంది యంత్రముల తోడ్పాటున, వర్గజల్లెడ పద్ధతిచే దానిని విప్పిరి. వర్గజల్లెడ పిమ్మట వచ్చిన సంఖ్యాక్షేత్రజల్లెడ యింకను జుఱుకైనది. అదియు మృదుసంఖ్యల మీఁదనే యాధారపడినది. ఆ పద్ధతిచే 2020 ఫిబ్రవరిలో 250 అంకెల సంఖ్య విడివడెను. ఆ పని నొక్క యంత్రగర్భమే చేసినచో సుమారు 2,700 ఏండ్లు పట్టియుండెడిది. వేలకొలఁది గర్భములు కలసి చేయుటచేఁ గొన్ని నెలలలో ముగిసినది.

నేఁటి తాళములలోఁ దఱచుగా వాడు సంఖ్యకు 617 అంకెలుండును. దీనిని సామాన్యయంత్రములతో విప్పినవారు లేరు. అట్లని కాఠిన్యము శాశ్వతమని నిరూపింపఁబడలేదు. సులభోపాయము లేదను నుపపత్తి యెవ్వరి చేతను లేదు. పైఁగాఁ బీటర్ షోర్ 1994లోనే, క్వాంటం సూత్రములపై నడచు యంత్రము తగినంత పెద్దదిగా నిర్మింపఁబడినచో నీ పని సుకరమగునని చూపెను. అందుచే అమెరికా ప్రమాణసంస్థ 2024 ఆగస్టులోఁ గారణాంకములతో సంబంధము లేని క్రొత్తతాళములకుఁ బ్రమాణములను బ్రకటించినది. మన దేశమున 2000 సంవత్సరపు సమాచారసాంకేతికచట్టము ఎలక్ట్రానిక్ సంతకమునకు న్యాయస్థానమున విలువ నిచ్చినది. పొలము కాగితముపై నట్టి సంతకమును నమ్మి ఋణము దెచ్చుకొను సీమరైతున కీ శాస్త్రము తెలియనక్కఱలేదు. కాని యా నమ్మకమును మోయుచున్నది ప్రధానసంఖ్యలనియు, నది యెంతవఱకు మోయునో లెక్కించుట గణితజ్ఞుల ధర్మమనియు విద్యావంతులైనఁ దెలిసికొనవలెను.

ఫలితార్థము

ఇట్టి విషయములను జెప్పునప్పుడు రెండు తప్పుదారులు గలవు. మహావీరుని మాలలలోనే నేఁటి రహస్యవిద్య యంతయుఁ గలదనుట యొకటి. అది సరి కాదు. ఆ లెక్కలు హారమును గ్రుచ్చుటను జెప్పినవి. పెద్దహారమును విప్పుటను జెప్పలేదు. ఆయన మాలల కాకారముండుటచే నవి విప్పుటకు లొంగును. తాళములకు వాడు సంఖ్య లాకారమే లేకుండునట్లు కోరి యేర్పఱుపఁబడినవి. మనకీ శాస్త్రమున భాగమే లేదనుట రెండవ తప్పుదారి. కుట్టకపు పరస్పరభాజనము ప్రతి జల్లెడపద్ధతికిని దుదిమెట్టు. నారాయణుని వర్గభేదము దాని నడుమనున్న నిట్రాట. రామానుజుఁడును, వాల్తేరు గణితజ్ఞులును వేసిన లెక్క దాని కొలఁత. ఎవరి పాలెంతయో యంత చెప్పుటయే గౌరవము.

పాఠశాలాపండితుల కొక సూచన. సారసంగ్రహగణితమును, దాని మూలమును బాలురకుఁ బరిచయము చేయునప్పుడు, గుణించి మాలను జూపుటతో విడువక, మాలనే యిచ్చి విప్పుమని యడుగవచ్చును. 15151, 111111, 1002002001 వంటివానితో మొదలిడి, ఆకారమును జూచి విఱుచుటను నేర్పవలెను. ఈ కడపటిది 11011011ను 91చే గుణించిన లబ్ధము. 1001001 యొక్క వర్గముగాఁ గాక, 1001 యొక్క వర్గమగు 1002001ని బోల్చి చూచి, తేడా యెచ్చటనో బాలురే కనుఁగొనవలెను. పిమ్మట 4891 బండలను గీసి కొఱవడిన మూలను జూపవలెను. తుదకు 1909ని యిచ్చి, 27, 300లను జోడుకట్టించవలెను. గుణకారమును బాలుఁడు వల్లించి నేర్వవచ్చును; విభాగమునకు మాత్రము వెదకుట, సరిచూచుట, దారి మూసికొన్నప్పుడు వేఱు కూర్పును బట్టుట నేర్వవలెను. గణితమున విద్యార్థికి నిలుచునది యీ రెండవ యభ్యాసమే.